సిటీ హైబ్రిడ్ వర్సెస్ సియాజ్ స్మార్ట్ హైబ్రిడ్: కొత్వాల్‌గూడ నుంచి ఆఫీసుకి ఏది లాభం?

రెండు సెకండ్ హ్యాండ్ సెడాన్లు. రెండింటి పేరులోనూ "హైబ్రిడ్" ఉంది. ఒకటి 2022 హోండా సిటీ ఈ:హెచ్ఈవీ, అడిగిన ధర 14 లక్షలు. ఇంకోటి 2020 మారుతి సియాజ్ స్మార్ట్ హైబ్రిడ్ ఆటోమేటిక్, ఏడున్నర లక్షలు. రెండూ హైబ్రిడ్లే అయితే మధ్యలో ఆరున్నర లక్షల తేడా ఎందుకు? ఆ తేడా పెట్రోల్ రూపంలో తిరిగొస్తుందా? దసరా ముందు నుంచి మా ఇంట్లో నడిచిన చర్చ ఇదే. ఈ సైట్‌లో మనం ఎప్పుడూ ఫోన్ల గురించే మాట్లాడుకుంటాం కదా, ఈసారి కాస్త పెద్ద గ్యాడ్జెట్ గురించి మాట్లాడుకుందాం.

ముందే చెప్తున్నా, నేను ఆటోమొబైల్ ఎక్స్‌పర్ట్‌ని కాదు. బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రాసుకునే మనిషిని. కాకపోతే ఫోన్ కొనేటప్పుడు ఎలా స్పెక్స్ పక్కపక్కన పెట్టి చూస్తామో, రెండు కార్లనీ అలాగే చూశాను. స్పెక్స్‌తో ఆగకుండా నేను రోజూ వెళ్ళే రూట్‌లోనే రెండింటినీ నడిపి చూశాను.

అసలు కారు ఎందుకు?

మాది శంషాబాద్ మండలం కొత్వాల్‌గూడ. హిమాయత్ సాగర్ పక్కన, ఔటర్ రింగ్ రోడ్డుని ఆనుకుని ఉంటుంది. ఆఫీసు మైండ్‌స్పేస్ వైపు. మొత్తం 22 కిలోమీటర్లు. అందులో దాదాపు 15 ఔటర్ మీద, మిగతా ఏడూ నానక్‌రామ్‌గూడలో దిగాక బయోడైవర్సిటీ మీదుగా ట్రాఫిక్‌లో.

ఔటర్ మెయిన్ రోడ్డు మీదకి బైకుల్ని రానివ్వరు. అందుకే మూడేళ్ళుగా సర్వీసు రోడ్డు మీదే నా బైకు ప్రయాణం. గట్టిగా వాన పడి హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తితే ఆ సర్వీసు రోడ్డు కూడా మూసేస్తారు. మొన్న వానాకాలంలో రెండుసార్లు తడిసి ముద్దై ఇంటికొచ్చాక కారు కొనాల్సిందేనని డిసైడ్ అయ్యాను.

ఎలక్ట్రిక్ కారు ఎందుకు తీసుకోలేదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. తెలంగాణలో ఈవీలకి 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు ట్యాక్స్ లేదు, జీఎస్టీ 5 శాతమే. కానీ మా బండి పెట్టేది ఇంటికి నాలుగిళ్ళ అవతల ఖాళీ జాగాలో. అక్కడిదాకా వైరు లాగలేను. ప్లగ్ పెట్టే పని లేకుండా పెట్రోల్ తక్కువ తాగే బండి కావాలంటే మిగిలింది హైబ్రిడ్.

అయితే మన దేశంలో హైబ్రిడ్ సెడాన్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కొత్తవాటిలో మామూలు బ్రాండ్లు చూస్తే హోండా సిటీ ఈ:హెచ్ఈవీ, టొయోటా క్యామ్రీ. 2024 డిసెంబర్‌లో కొత్త క్యామ్రీ వచ్చినప్పుడు దాని ధర 48 లక్షలు, మన బడ్జెట్‌కి ఆ పేరే ఎత్తకూడదు. కొత్త సిటీ హైబ్రిడ్ కూడా ఎక్స్ షోరూమే 20 లక్షల దగ్గర, పైన లైఫ్ ట్యాక్స్ మూడు లక్షలు దాటుతుంది. సియాజ్‌ని మారుతి 2025లో ఆపేసింది. అందుకే రెండూ సెకండ్ హ్యాండ్‌లోనే చూశాను.

పేరు ఒకటే, పని వేరు

ఇక్కడే చాలామంది మోసపోతారు. ఫోన్ భాషలో చెప్తా. ఫోన్ డబ్బా మీద "16 జీబీ ర్యామ్" అని ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో 8 జీబీ ర్యామ్ ప్లస్ 8 జీబీ వర్చువల్ ర్యామ్ అని ఉంటుంది. అబద్ధం కాదు, కానీ రెండూ ఒకటి కూడా కాదు. సియాజ్‌లోని హైబ్రిడ్ దాదాపు ఆ వర్చువల్ ర్యామ్ లాంటిది.

సియాజ్‌లో ఉన్నది మైల్డ్ హైబ్రిడ్. 1.5 లీటర్ పెట్రోల్ ఇంజన్, 105 పీఎస్ పవర్. ఇంజన్‌కి బెల్టుతో కలిపిన ఒక చిన్న స్టార్టర్ జనరేటర్ ఉంటుంది. బ్రేక్ వేసినప్పుడు అది కాస్త కరెంటు తయారుచేసి చిన్న లిథియం అయాన్ బ్యాటరీలో దాస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్‌కి కొంచెం చెయ్యి అందిస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపి, మళ్ళీ స్టార్ట్ చేస్తుంది. అంతవరకే. మోటార్ మీద మాత్రమే చక్రాలు ఒక్క అడుగు కూడా కదలవు.

సిటీ ఈ:హెచ్ఈవీ స్ట్రాంగ్ హైబ్రిడ్. ఇందులో 1.5 లీటర్ ఇంజన్‌తో పాటు రెండు మోటార్లు ఉంటాయి. ఒకటి కరెంటు తయారుచేస్తుంది, రెండోది చక్రాలు తిప్పుతుంది. తిప్పే మోటార్ ఒక్కటే 109 పీఎస్, టార్క్ 253 న్యూటన్ మీటర్లు. ట్రాఫిక్‌లో మెల్లగా పోతుంటే ఇంజన్ ఆగిపోయి కారు పూర్తిగా కరెంటు మీదే కదులుతుంది. బ్యాటరీ తగ్గితే ఇంజన్ లేచి జనరేటర్‌ని తిప్పుతుంది, చక్రాల్ని మాత్రం మోటారే నడుపుతుంది. హైవే మీద ఒకే స్పీడులో పోతున్నప్పుడు ఒక క్లచ్ పడి ఇంజన్ నేరుగా చక్రాలకి కలుస్తుంది. ఈ చివరి విషయం గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఈ రెండు రకాల తేడా ప్రభుత్వానికీ తెలుసు. ఫేమ్ పథకంలో మొదట మైల్డ్ హైబ్రిడ్లకి కూడా సబ్సిడీ ఇచ్చి, 2017 ఏప్రిల్ నుంచి తీసేశారు. ఉత్తరప్రదేశ్ 2024 జూలైలో రిజిస్ట్రేషన్ ట్యాక్స్ మాఫీ ఇచ్చినప్పుడు స్ట్రాంగ్ హైబ్రిడ్లకే ఇచ్చింది.

సిటీ గురించి చెప్తుంటే నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "మరి దీనికి చార్జింగ్ యాడ పెట్టాలె?" ఎక్కడా పెట్టక్కర్లేదు. పెట్టడానికి ప్లగ్గే ఉండదు. పెట్రోల్ పోయడమే, మిగతాది బండే చూసుకుంటుంది.

కాగితం మీద ఎవరు ముందు?

కంపెనీ మైలేజీ: సిటీ 26.5, సియాజ్ ఆటోమేటిక్ 20.04 కిలోమీటర్లు లీటరుకు.
డిక్కీ: సిటీ 306 లీటర్లు, సియాజ్ 510 లీటర్లు.
గేర్లు: సిటీకి మామూలు గేర్‌బాక్సే లేదు, సియాజ్‌కి నాలుగు గేర్ల పాత తరహా ఆటోమేటిక్.
ఎయిర్‌బ్యాగ్‌లు: నేను చూసిన సిటీలో ఆరు, సియాజ్‌లో రెండు.
అడాస్: సిటీలో ఉంది, సియాజ్‌లో లేదు.

డిక్కీ తేడా చూశారా? హైబ్రిడ్ బ్యాటరీ సిటీ డిక్కీలోనే జాగా తీసుకుంది. మామూలు పెట్రోల్ సిటీకి 506 లీటర్లు ఉంటుంది. అంటే 200 లీటర్లు బ్యాటరీ లెక్కలో పోయినట్టు. ఎయిర్‌పోర్టుకి మనుషుల్ని దింపే ఊళ్ళో ఉంటున్నాం కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అమెరికా పోయే పిల్లాడి రెండు పెద్ద సూట్‌కేసులు సియాజ్‌లో హాయిగా పడతాయి. సిటీలో రెండోదాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టాల్సిందే.

నా రూట్ మీద ఏం జరిగింది?

ఆఫీసులో ఒక కొలీగ్‌కి సిటీ హైబ్రిడ్ ఉంది. దసరాకి రైల్లో ఊరెళ్తూ వారం పాటు తాళాలు నాకిచ్చాడు. సియాజ్ ఆటోమేటిక్ మా బాబాయిది, అది కూడా ఒక వారం నడిపాను. ట్యాంక్ ఫుల్ చేయించి, వారం తర్వాత మళ్ళీ ఫుల్ చేయించి లెక్క చూశాను. ఔటర్ దిగగానే ట్రిప్ మీటర్ జీరో చేసి, రోడ్డు వారీగా మైలేజీ విడిగా రాసుకున్నాను. ఏసీ రెండింట్లోనూ ఆన్. ఔటర్ మీద 100 దాటలేదు. ఇవి నా కాలు, నా రోడ్డు ఇచ్చిన నంబర్లు. మీకు అటూఇటూ అవ్వొచ్చు.

ఔటర్ మీద సిటీ 20, సియాజ్ 17.5.
ట్రాఫిక్‌లో సిటీ 23, సియాజ్ 10.5.

ట్రాఫిక్‌లో సిటీ మైలేజీ హైవే కంటే ఎక్కువ! పెట్రోల్ కార్లు నడిపిన ఎవరికైనా ఇది తలకిందులుగా అనిపిస్తుంది. కారణం పైన చెప్పుకున్నదే. ట్రాఫిక్‌లో ఇంజన్ సగం సేపు నిద్రపోతుంది, బ్రేక్ కొట్టిన ప్రతిసారీ కొంత కరెంటు వెనక్కి వస్తుంది. ఔటర్ మీద 100లో పోతుంటే బ్రేక్ పని ఉండదు, తిరిగొచ్చే కరెంటు ఉండదు, ఇంజన్ నేరుగా చక్రాలు తిప్పుతుంటుంది. అక్కడ అది దాదాపు ఒక మంచి పెట్రోల్ కారు, అంతే.

ఇప్పుడు ఒక్క ట్రిప్పు లెక్క చూద్దాం. 22 కిలోమీటర్లకి సిటీ తాగింది 1.05 లీటర్లు, సియాజ్ 1.52 లీటర్లు. తేడా 470 మిల్లీలీటర్లు. అందులో 15 కిలోమీటర్ల ఔటర్ మీద మిగిలింది 110 మిల్లీలీటర్లే. మిగతా 360 మిల్లీలీటర్లూ ఆ ఏడు కిలోమీటర్ల ట్రాఫిక్‌లో మిగిలాయి.

ఈ రివ్యూలో ఒక్క పాయింట్ గుర్తుంచుకోవాలంటే ఇదే. హైబ్రిడ్ డబ్బులు మిగిల్చేది మీరు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారన్న దాన్ని బట్టి కాదు, అందులో ఎన్ని కిలోమీటర్లు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారన్న దాన్ని బట్టి.

డబ్బుల లెక్క

నాకు నెలకి దాదాపు 1,200 కిలోమీటర్లు. నా సగటు చూస్తే సిటీ 21, సియాజ్ 14.4. సిటీకి 57 లీటర్లు, సియాజ్‌కి 83 లీటర్లు. పెట్రోల్ 107.50 అనుకుంటే నెలకి సుమారు 2,800 మిగులు, ఏడాదికి 33,800.

ధరలో తేడా 6.5 లక్షలు. నా దగ్గర ఉన్నది 6 లక్షలు. సిటీ కొనాలంటే 8 లక్షల లోన్ తీసుకోవాలి. సెకండ్ హ్యాండ్ కారు లోన్, 12 శాతం వడ్డీ, ఐదేళ్ళు అనుకుంటే నెలకి 17,800 ఈఎంఐ, మొత్తం వడ్డీ 2.68 లక్షలు. అంటే అసలు తేడా 9 లక్షలు దాటింది. ఏడాదికి 33,800 చొప్పున అది తిరిగి రావాలంటే పాతికేళ్ళు పైనే. అప్పటికి కారు ఉండదు, పెట్రోల్ బంకులు ఉంటాయో లేదో తెలియదు.

అదే మెహదీపట్నం నుంచి టోలీచౌకి మీదుగా హైటెక్ సిటీకి పోయే మనిషి అయితే? అన్నీ ట్రాఫిక్ కిలోమీటర్లే. అదే 1,200 కిలోమీటర్లకి నెలకి 62 లీటర్లు, ఏడాదికి 80,000 మిగులుతుంది. లోన్ లేకుండా కొనగలిగితే ఎనిమిదేళ్ళలో తేడా చేతికొస్తుంది. నెలకి 3,000 కిలోమీటర్లు సిటీలోనే తిరిగేవాళ్ళకైతే మూడేళ్ళు దాటి కొన్ని నెలలు చాలు.

మైలేజీ కాకుండా

ఇక్కడ నిజాయితీగా చెప్పాలి. సిటీ హైబ్రిడ్ గొప్పతనం నాకు మైలేజీలో కనిపించలేదు, మిగతా వాటిలో కనిపించింది.

మొదటిది ఏసీ. సియాజ్ సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపితే ఏసీ కంప్రెసర్ కూడా ఆగుతుంది, ఫ్యాన్ గాలి మాత్రమే వస్తుంది. కాసేపటికి ఉక్కపోసి ఇంజన్ మళ్ళీ లేస్తుంది. మే నెలలో ఆ ఫీచర్ ఉన్నట్టూ లేనట్టూ ఉంటుంది. సిటీలో కంప్రెసర్ కరెంటు మీద నడుస్తుంది కాబట్టి ఇంజన్ ఆగినా చల్లగానే ఉంటుంది.

రెండోది సైలెన్స్. బయోడైవర్సిటీ దగ్గర అరగంట ఇరుక్కున్నా తలనొప్పి రాలేదు. వారం తర్వాత సియాజ్ ఎక్కితే ఆ ఇంజన్ వణుకు కొత్తగా తెలిసింది.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైంది, సేఫ్టీ. ఔటర్ మీద మొదటి రెండు లేన్లలో లిమిట్ 120. ఆ స్పీడులో ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు, ముందు బండి ఆగితే తనే బ్రేక్ వేసే సిస్టమ్ ఉండటం చిన్న విషయం కాదు. మీ దగ్గర డబ్బులుంటే సిటీ కొనడానికి మైలేజీ కంటే ఇదే పెద్ద కారణం.

సెకండ్ హ్యాండ్‌లో ఏం చూడాలి?

సిటీ హైబ్రిడ్ అయితే బ్యాటరీ వారంటీ 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు. 2022 బండికి కిలోమీటర్లు దాటకపోతే 2030 దాకా ఉంటుంది. సర్వీస్ హిస్టరీ పూర్తిగా ఉందో లేదో చూసి, వారంటీ మీ పేరు మీద కొనసాగుతుందని సర్వీస్ సెంటర్‌లో అడిగి తెలుసుకోండి. ఆరెంజ్ రంగు వైర్లు హై వోల్టేజ్ వైర్లు. లోకల్ మెకానిక్ వాటిని విప్పి మళ్ళీ కట్టినట్టు కనిపిస్తే ఆ బండి వదిలేయండి.

సియాజ్ అయితే సిగ్నల్ దగ్గర స్టార్ట్ స్టాప్ పనిచేస్తోందా చూడండి. పని చేయకపోతే బ్యాటరీల్లో ఏదో ఒకటి బలహీనపడి ఉండొచ్చు. ముందే చెక్ చేయించి ధర తగ్గించమని అడగండి.

రెండింటికీ కలిపి ఒక మాట. మన హైదరాబాద్ వరదలు చూశారుగా. సీటు బెల్టుని చివరిదాకా లాగండి. చివర్లో మట్టి గీత కనిపిస్తే ఆ బండి నీళ్ళలో నానిందని అర్థం. ఇది నాన్న చెప్పిన చిట్కా.

మరి మేం ఏం కొన్నాం?

నాన్న గురించి కొంచెం చెప్పాలి. 2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలైన ఏడాది నుంచి క్యాబ్ నడిపాడు. మొదట ఓనర్ బండి, 2018లో లోన్ పెట్టి సొంత సెడాన్. 2020 మార్చిలో విమానాలు ఆగిపోయాయి. రెండు నెలల తర్వాత మళ్ళీ మొదలైనా ఎక్కే జనం లేరు. నేనప్పుడు బీటెక్ థర్డ్ ఇయర్. కిస్తీలు ఆగాయి, వడ్డీ మాత్రం ఆగలేదు. 2021లో ఒకరోజు పొద్దున్నే ఫైనాన్స్ వాళ్ళొచ్చి బండి తీసుకుపోయారు. అప్పటికే మూడేళ్ళ కిస్తీలు కట్టేశాడు. ఆ తర్వాత మా ఇంటికి కారు రాలేదు.

ఎక్సెల్ షీట్ చూపించి, "నాన్నా, నా జీతానికి పద్దెనిమిది వేల ఈఎంఐ పెద్ద భారం కాదు" అన్నాను. సిటీ వారం నడిపాక నా మనసు దాని మీదే ఉంది, దాచడం ఎందుకు. నాన్న షీట్ మొత్తం ఓపిగ్గా చూశాడు. "మైలేజీ అంతా మంచిగనే రాసినవ్ బిడ్డా. జీతం రాని నెలకు ఒక్క గడి గూడ పెట్టలేదు" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మా టీమ్‌లోనే ఈ ఏడాది ఇద్దరు బెంచ్ మీద ఉన్నారు. ఆ రాత్రి షీట్‌లో ఆ గడి కూడా చేర్చాను. ఆరు నెలలు జీతం లేకపోతే సిటీకి నేను కట్టాల్సింది లక్షా ఏడు వేలు. సియాజ్‌కి సున్నా.

సియాజ్ తీసుకున్నాం. నా 6 లక్షలు, అమ్మ చిట్టీ ఎత్తి ఇచ్చిన లక్షన్నర. లోన్ లేదు. ఎయిర్‌బ్యాగ్‌ల విషయంలో రాజీ పడ్డానని నాకు తెలుసు. అందుకే ఔటర్ మీద 80 లేన్ దాటకూడదని మాట ఇచ్చాను, ఇప్పటిదాకా దాటలేదు. ఏడాదికి పోయే ఆ 33,800 ఎక్కువ పెట్రోల్ డబ్బుల్ని నేను వేస్ట్ అనుకోవట్లేదు. అప్పు లేకుండా ఉండటానికి కడుతున్న ప్రీమియం అనుకుంటున్నాను.

ఎవరికి ఏది?

రోజూ ఎక్కువ దూరం ట్రాఫిక్‌లోనే, కనీసం ఆరేడేళ్ళు బండి ఉంచుకుంటారు, సగానికి పైగా డబ్బు చేతిలో ఉంది: సిటీ ఈ:హెచ్ఈవీ. ఇంకో ఆలోచన అక్కర్లేదు.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు, హైవే మీద ఎక్కువ తిరుగుతారు, బడ్జెట్ ఉంది: సిటీయే, కానీ మైలేజీ కోసం కాదు, సేఫ్టీ కోసం.

మా లాగా ఔటర్ పక్కన ఉంటారు, ట్రాఫిక్ కిలోమీటర్లు తక్కువ, లోన్ లేకుండా కొనాలి, డిక్కీ కావాలి: సియాజ్. కాకపోతే దాన్ని హైబ్రిడ్ అనుకుని కొనకండి. పెద్ద జాగా ఉన్న మంచి పెట్రోల్ కారు అనుకుని కొనండి, నిరాశ పడరు.

కొనేముందు ఒక్క పని చేయండి. ఒక వారం పాటు మీ రూట్‌లో ట్రాఫిక్ కిలోమీటర్లు ఎన్ని, ఖాళీ రోడ్డు కిలోమీటర్లు ఎన్ని అని ఫోన్‌లో రాసుకోండి. ఆ రెండు నంబర్లు ఏ షోరూమ్ సేల్స్‌మన్ కన్నా బాగా చెప్తాయి. పక్కన జీతం రాని నెల గడి కూడా పెట్టుకోండి.

బండి ఇంటికొచ్చిన రోజు మొదట నడిపింది నాన్నే. శంషాబాద్‌లో బంకు దగ్గర ట్యాంక్ ఫుల్ చేయించాడు. నేను చెప్పకముందే ట్రిప్ మీటర్ జీరో చేశాడు.